అడవిలో రోమన్ల కాలపు లోహవస్తువు: వెతికేటప్పుడు, దొరికాక ఏం చేయాలి

ఇంగ్లండ్‌లో ఉంటున్న మా స్నేహితుల్లో ముగ్గురు ఈ మధ్య మెటల్ డిటెక్టర్లు కొన్నారు. ముగ్గురూ నన్ను అడిగింది ఒకటే: "అడవుల్లో రోమన్ నాణేలు దొరుకుతాయటగా, ఎలా వెతకాలి?" ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ వరసగా రాస్తున్నాను.

దొరుకుతాయి, నిజమే. క్రీ.శ. 43 నుంచి దాదాపు 410 దాకా రోమన్ల ఏలుబడిలో ఉన్న నేల అది. ఇవాళ చెట్లు కమ్ముకున్న చోట అప్పుడు కూడా అడవే ఉండేదని అనుకోకండి. దక్షిణాన సౌత్ డౌన్స్ కొండల మీది అడవులను విమానం నుంచి లేజర్ కిరణాలతో కొలిస్తే, చెట్ల కింద ఆ కాలపు పొలాల గట్లు వరసలు వరసలుగా కనిపించాయి. పొలాలంటే మనుషులు, మనుషులంటే జారిపోయిన నాణెం, విరిగిన పిన్ను, ఊడిన చెప్పు మేకు.

కానీ దున్నిన చేను వేరు, అడవి వేరు. చేలో ఏటా నాగలి తిరుగుతుంది, వస్తువు ఎప్పుడో తన చోటు వదిలేసి ఉంటుంది. అడవిలో నాగలి లేదు. పదిహేడు వందల ఏళ్ల కిందట పడ్డ సంచి పడ్డ చోటే, పడ్డ లోతులోనే, పక్కనున్నవాటితో కలిసే ఉండొచ్చు. మీరు తవ్వే జానెడు గుంత ఆ అమరికను చెరిపేస్తుంది. వస్తువును మ్యూజియంలో పెట్టొచ్చు గానీ ఆ అమరికను ఎవరూ తిరిగి పెట్టలేరు. అందుకే కొత్తవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట: మొదటి ఏడాది యజమాని ఒప్పుకున్న దున్నిన పొలాల్లోనే వెతకండి. చెవికి సిగ్నళ్లు, చేతికి గుంత తవ్వడం అలవాటయ్యాక అడవిలోకి రండి. ఇంగ్లండ్, వేల్స్‌లో డిటెక్టరిస్టుల కోసం రాసిన నియమావళి కూడా వీలైనంతవరకు దున్నిన నేలలోనే వెతకమంటుంది.

ముందు కాగితం

ఇంగ్లండ్‌లో యజమాని లేని అడవి లేదు. కాలిబాట మీద నడిచే హక్కు అందరికీ ఉంటుంది, ఆ బాట పక్కన డిటెక్టర్ ఆన్ చేసే హక్కు ఎవరికీ ఉండదు. ఫారెస్ట్రీ ఇంగ్లండ్ అడవుల్లోకి, నేషనల్ ట్రస్ట్ స్థలాల్లోకి అందరూ షికారుకు వెళ్తారు కదా అని యంత్రం పట్టుకుని వెళ్లకండి, చిక్కుల్లో పడతారు. మీకు కావలసింది సొంత అడవి ఉన్న రైతు, ఎస్టేట్ యజమాని. కౌలుదారు ఉంటే అతని ఒప్పుదల కూడా తీసుకోండి. నోటిమాట చాలదు. ఏ హద్దుల్లో, ఏ నెలల్లో వెతకొచ్చు, విలువైనది దొరికితే పంపకం ఎలా అన్నది ఒక పేజీలో రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. చెరి సగం అన్నది మామూలు పద్ధతి. అడగడానికి వెళ్లేటప్పుడు డిటెక్టర్ కారులోనే వదిలేసి వెళ్లండి. గుమ్మం దగ్గర యంత్రంతో నిలబడితే, అనుమతి అప్పటికే ఇచ్చినట్టు మనం అనుకుంటున్నామని వాళ్లకు అనిపిస్తుంది.

యజమాని సరేనన్నా చట్టం కాదనే చోట్లున్నాయి. ప్రభుత్వం రక్షిత కట్టడంగా నమోదు చేసిన స్థలంలో పురాతన కట్టడాలను చూసుకునే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ రాతపూర్వక అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటం 1979 నాటి పురాతన కట్టడాల చట్టం కింద నేరం. అడవిలో ఒక మామూలు మట్టికట్టలా కనిపించేదే అలాంటి స్థలం కావచ్చు, బోర్డు ఉండకపోవచ్చు. ప్రకృతి పరంగా రక్షణ ఉన్న అడవులకు నేచురల్ ఇంగ్లండ్ సమ్మతి కావాలి. ఈ హద్దులన్నీ 'మ్యాజిక్' అనే ప్రభుత్వ మ్యాప్ వెబ్‌సైట్లో ఉచితంగా కనిపిస్తాయి. వెళ్లే ముందు రాత్రి అరగంట దాని ముందు కూర్చోండి. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఉచితంగా ఇచ్చే లైడార్ చిత్రాలు (పైన చెప్పిన లేజర్ కొలతలతో తయారైనవి) కూడా చూడండి. చెట్లు తీసేసినట్టుగా నేల మాత్రమే కనిపిస్తుంది. అందులో చతురస్రపు గట్లు, గుండ్రటి దిబ్బలు, తిన్నగా సాగే పాత దారి కనిపిస్తే కొందరికి చేతులు దురద పెడతాయి. నేను చెప్పేది దానికి తలకిందులు: ఆ గట్ల మీద తవ్వకండి, వాటి సంగతి జిల్లా పురావస్తు అధికారికి చెప్పండి.

ఇంగ్లండ్ దాటితే లెక్క మారుతుంది. ఫ్రాన్స్‌లో, జర్మనీ రాష్ట్రాల్లో పురాతన వస్తువుల కోసం డిటెక్టర్ వాడాలంటే అధికారుల అనుమతి కావాలి. ఐర్లండ్‌లో అది లేకుండా ముట్టుకోనే కూడదు. స్కాట్లండ్‌లో దొరికిన పురాతన వస్తువు ఏదైనా అక్కడి ట్రెజర్ ట్రోవ్ విభాగానికి తెలియజేయాల్సిందే. ఇక సెలవులకు ఊరెళ్లినప్పుడు డిటెక్టర్ వెంట తీసుకెళ్దామన్న ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోండి. మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాచిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలి. గుప్తనిధుల పేరుతో పాత గుళ్లలో గర్భగుడి పెకలించిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఆ గుంపులో మన పేరు వినపడకూడదు.

ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

ఆకు రాలాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో నేల కనిపిస్తుంది, కాయిల్ (డిటెక్టర్ కొసన ఉండే గుండ్రటి పళ్లెం) ఆడించడానికి తుప్పలు అడ్డురావు. వసంతంలో నేల మీద గూడు కట్టే పక్షులుంటాయి, బ్లూబెల్ పూలు లేస్తాయి, అప్పుడు అడవిని వదిలేయండి. అయితే అక్టోబరు నుంచి ఫిబ్రవరి ఒకటో తేదీ దాకా ఫెజంట్ పక్షుల వేట కూడా సాగుతుంది. ఏ రోజు తుపాకులు వస్తాయో వేటపక్షులను చూసుకునే గేమ్‌కీపర్‌ను అడిగి, ఆ రోజు ఇంట్లో ఉండండి. పొడుగు ప్యాంటు, మేజోళ్లు తప్పనిసరి. గడ్డిపిడుదులు లైమ్ జబ్బు తెస్తాయి, ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో చూసుకోండి.

చెట్ల వేళ్ల మధ్య పెద్ద కాయిల్ పనికిరాదు. చిన్న కాయిల్ పెట్టుకోండి. గుంతలో వస్తువు ఎక్కడుందో చూపే, చేతిలో పట్టే పిన్‌పాయింటర్, సన్నటి అంచున్న చేతిపార, రెండడుగుల ప్లాస్టిక్ పట్టా, జిప్ ఉన్న పాలిథిన్ సంచులు, చెరిగిపోని మార్కర్, సెంటీమీటర్ల స్కేలు, నోటుపుస్తకం చాలు. పెద్ద పార వద్దు. పెద్ద పార చేతిలో ఉంటే పెద్ద గుంతే పడుతుంది. డిటెక్టరిస్టుల జాతీయ మండలిలో చేరితే ప్రమాద బాధ్యత బీమా కూడా వస్తుంది, చాలామంది యజమానులు అది ఉందా అని అడుగుతారు.

ఇనుమును వదిలేయకండి

కొత్తవాళ్లు చేసే మొదటి పని డిటెక్టర్లో ఇనుప సిగ్నళ్లు వినపడకుండా చేసుకోవడం. విసుగు తగ్గుతుంది, నిజమే. కానీ అడవిలో రోమన్ల కథ చాలాచోట్ల ఇనుములోనే ఉంది. జర్మనీలో కాలెఫెల్డ్ దగ్గర హార్జ్‌హార్న్ అనే అడవికొండ ఉంది. 2000లో ఇద్దరు డిటెక్టరిస్టులు అక్కడ మధ్యయుగపు కోట కోసం వెతుకుతూ ఒక వింత ఇనుప వస్తువు తీశారు. ఎనిమిదేళ్ల పాటు అదేమిటో తెలియలేదు. 2008లో అది రోమన్లు గుర్రపు డెక్కకు తొడిగే ఇనుప చెప్పు అని తేలింది, పురావస్తు శాఖ రంగంలోకి దిగింది. ఆ కొండ మీద బాణాలు విసిరే యంత్రాల నుంచి వచ్చిన మొనలు, నాలుగో లెజియన్ (రోమన్ సైనిక దళం) పేరు చెక్కిన గొడ్డలి, సైనికుల చెప్పుల నుంచి ఊడిన మేకులు బయటపడ్డాయి. క్రీ.శ. 235 ప్రాంతంలో జరిగిన యుద్ధం అది. రోమన్లు జర్మనీలో అంత లోపలికి ఆ కాలంలో వెళ్లారని అంతకుముందు చరిత్రకారులు గట్టిగా నమ్మేవారు కాదు. ఎవరు ఎటువైపు నుంచి బాణాలు వేశారో చెప్పగలిగింది, ఒక్కొక్క మొన ఎక్కడ, ఏ దిక్కుకు గుచ్చుకుని ఉందో గుర్తుపెట్టడం వల్లే.

ఆ చెప్పు మేకును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. చిటికెన వేలి గోరంత తల, కింద వంగిన చిన్న కాడ, పైనంతా గరుకు తుప్పు. చూడగానే పారేయాలనిపించే వస్తువు. అలాంటివి ఒకటి తర్వాత ఒకటి ఒక గీతలా దొరికితే అక్కడో పాత దారి ఉందని అర్థం. ఇరవై ముప్పై ఒకేచోట, పాదం ఆకారంలో గుమిగూడి ఉంటే మాత్రం చెయ్యి ఆపండి. రోమన్లు చనిపోయినవాళ్లకు కొన్నిసార్లు చెప్పులతోనే అంత్యక్రియలు చేశారు. అది సమాధి కావచ్చు. ఎముక కనిపించినా అంతే, ముందు పోలీసులకు, యజమానికి కబురు చేయాలి.

అడవిలో ఎక్కువగా మోగేది నిజానికి వేటతూటాల ఇత్తడి అడుగులే. అవి కూడా తీసి జేబులో వేసుకోండి, అడవి శుభ్రమవుతుంది, యజమాని సంతోషిస్తాడు. యుద్ధకాలంలో సైన్యం తర్ఫీదుకు వాడుకున్న అడవులు చాలా ఉన్నాయి. పొడుగ్గా, గుండ్రంగా, రెక్కలున్న తుప్పుపట్టిన వస్తువు కనిపిస్తే ముట్టుకోకుండా వెనక్కి నడిచి 999కి ఫోన్ చేయండి.

గుంత తవ్వడం

సిగ్నల్ వచ్చింది. రెండు దిక్కుల నుంచి కాయిల్ ఆడించి, మోత బలంగా ఉన్న చోటును మనసులో ముగ్గులా గీసుకోండి. ముందు రాలిన ఆకులను చేత్తో తోసి ఒక పక్క పోగు వేయండి. తర్వాత నాచునో గడ్డినో మూడు వైపులా కోసి, పుస్తకం అట్టలా నాలుగో వైపుకు మడవండి. పట్టాను గుంతకు ఆనించి పరవండి, తీసిన ప్రతి పిడికెడు మట్టీ దాని మీదే పడాలి. వేలికంటే లావు వేరు అడ్డొస్తే కోయకండి, పక్కనుంచి వెళ్లండి, వీలుకాకపోతే ఆ సిగ్నల్‌ను వదిలేయండి. చెట్టు అక్కడ మనకంటే ముందు నుంచి ఉంది.

ఇప్పుడు కళ్లు మట్టి రంగు మీద పెట్టండి. పైన నల్లటి ఆకుమట్టి, నాలుగైదు అంగుళాల కింద గోధుమ రంగు. ఆ రెండో పొరలో బొగ్గు, కాలిన ఎర్రమట్టి, పెంకు ముక్కలు, రాళ్ల వరస ఏది కనిపించినా అక్కడ ఎవరో బతికిన జాడ అది. అక్కడితో ఆగాలి. నేను నాకోసం పెట్టుకున్న గీత ఇంకా కఠినం: అడవిలో నల్లమట్టి పొర దాటి తవ్వను. సిగ్నల్ ఎంత తియ్యగా మోగినా సరే. గుంత పూడ్చి, చోటు రాసుకుని, పురావస్తు అధికారికి చెప్తాను.

పైపొరలోనే వస్తువు కనిపిస్తే వెంటనే లాగకండి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి, లోతు కొలవండి. ఫోన్లో గానీ జీపీఎస్‌లో గానీ గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాప్ మీద చోటును చెప్పే అంకెలు) పది అంకెల దాకా రాసుకోండి, అది ఒక మీటరు చదరానికి సరిపోతుంది. చెట్ల కింద జీపీఎస్ తడబడుతుంది, కాబట్టి పరికరాన్ని గుంత పక్కనే రెండు మూడు నిమిషాలు ఉంచి, అంకెలు నిలకడయ్యాక రాయండి. బాటల కూడలి నుంచి ఎన్ని అడుగులు, ఏ దిక్కు అన్నది కూడా రాస్తే మంచిది. వస్తువును చుట్టూ ఉన్న మట్టితో సహా ఎత్తి సంచిలో పెట్టి, సంచి మీద నంబరు వేయండి. గుంతను మళ్లీ పిన్‌పాయింటర్‌తో చూసి, మట్టి నింపి, నాచు అట్టను మూసి, పాదంతో నొక్కి, ఆకులు పైన పరవండి. పది అడుగులు వెనక్కి వెళ్లి చూసినప్పుడు మీ గుంత మీకే కనిపించకూడదు.

రెండో నాణెం వచ్చిన దగ్గర

ఒకే గుంతలో రెండో నాణెం వచ్చినా, కుండ అంచు తగిలినా, అది లంకెబిందె కావచ్చు. గుండె కొట్టుకుంటుంది, చెయ్యి లోపలికే పోతుంది. అక్కడే ఆగగలిగినవాళ్ల వల్ల ఎంత తెలిసిందో చూడండి.

1992 నవంబరులో సఫోక్‌లోని హాక్స్‌నీ దగ్గర ఒకాయన రైతు పోగొట్టుకున్న సుత్తి కోసం వెతుకుతుంటే బంగారు, వెండి నాణేలు దొరికాయి. కొన్ని తీశాక ఆగి, అధికారులకు చెప్పాడు. పురావస్తు నిపుణులు వచ్చి మిగతాది జాగ్రత్తగా తవ్వారు. దాదాపు 15,000 నాణేలు, వెండి గరిటెలు, బంగారు నగలు. ఏ వస్తువు ఏ మూల ఉందో చూసి, ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన చెక్కపెట్టెను, దాని లోపలి చిన్న పెట్టెలను కూడా మళ్లీ ఊహించగలిగారు. ఆ సుత్తి కూడా దొరికింది, బ్రిటిష్ మ్యూజియం దాన్ని కూడా దాచుకుంది.

2010 ఏప్రిల్‌లో సోమర్‌సెట్‌లోని ఫ్రోమ్ దగ్గర ఇంకొకాయనకు కుండ అంచు తగిలింది. గుంత పూడ్చేసి కబురు పెట్టాడు. అందులో 52,503 నాణేలు, బరువు 160 కిలోలు. నిపుణులు కుండను పొరలు పొరలుగా ఖాళీ చేశారు. కరౌసియస్ చక్రవర్తి నాణేలు, అంటే అందులో కొత్తవి, ఎక్కువగా కుండ కింది సగంలో ఉన్నాయి. ఏటా కొంచెం దాచుకుంటూ పోతే కొత్తవి పైన ఉండాలి కదా! కాబట్టి కుండను ఒకే విడతలో నింపారని తేలింది. ఒక్క బకెట్లోకి గుమ్మరించి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

ఆగని చోట ఏమైందో కూడా చూడండి. 1979లో థెట్‌ఫర్డ్‌లో అనుమతి లేకుండా వెతికినాయన రోమన్ బంగారు ఉంగరాలు, వెండి చెంచాలు తీసి నెలల తరబడి దాచాడు. చెప్పేసరికి ఆ చోట కట్టడం లేచిపోయింది, నేలను చూసే అవకాశం పోయింది. జర్మనీలో రూల్‌జ్‌హైమ్ అడవిలో 2013లో దొంగచాటుగా తవ్వినాయన చేతిలో, పదిహేను వందల ఏళ్లు మట్టిలో నిలిచిన వెండి తాపడపు మడత కుర్చీ ముక్కలైంది. చదివినప్పుడల్లా బాధ కలుగుతుంది.

కాబట్టి మీరు చేయాల్సింది: తీసినవాటిని నంబరు వేసి పక్కన పెట్టండి, గుంత పూడ్చండి, యజమానికి, ఫైండ్స్ లైజన్ ఆఫీసరుకు (దొరికిన వస్తువులను నమోదు చేసే స్థానిక అధికారి) అదే రోజు ఫోన్ చేయండి. ఫోటోలు ఎక్కడా పెట్టకండి. చోటు పేరు బయటికి పొక్కితే రాత్రిపూట దొంగ డిటెక్టర్లు దిగుతాయి. 1980లలో సర్రేలోని వాన్‌బరో గుడి దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. రోమన్ కాలపు గుడి స్థలాన్ని రాత్రుళ్లు కుళ్లబొడిచి వేల నాణేలు ఎత్తుకుపోయారు.

కడగొద్దు, రుద్దొద్దు

మన ఇళ్లలో పండగకు ముందు ఇత్తడి బిందెలకు చింతపండు పట్టించి తళతళలాడించడం చూస్తూ పెరిగాం. అదే చెయ్యి నాణెం మీదకు వెళ్తుంది. వెళ్లనివ్వకండి. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, టూత్‌పేస్టు, ఆలివ్ నూనె, ఏదీ వద్దు. పాత కంచు నాణెం మీద చక్రవర్తి ముఖం చాలాసార్లు లోహంలో ఉండదు, పైనున్న పచ్చటి చిలుము పొరలోనే ఉంటుంది. పొర పోతే ముఖం పోతుంది, కింద గుంతలు పడ్డ లోహం మిగులుతుంది. క్రీ.శ. మూడు, నాలుగో శతాబ్దాల నాటి చిన్న నాణేల మీద పలచటి వెండి పూత ఉండేది. అది బొటనవేలి రాపిడికే లేచిపోతుంది. నా మొదటి ఏడాది ఒక నాణేన్ని తడి చేసి ప్యాంటుకు రుద్దాను. కిరణాల కిరీటం స్పష్టంగా ఉన్న తల అది. చుట్టూ ఉన్న అక్షరాల్లో సగం పచ్చటి పొడిగా బట్టకు అంటుకున్నాయి. ఆ రాజు ఎవరో ఇక ఎవరూ చెప్పలేరు.

ఇనుప తుప్పులో కూడా సమాచారం ఉంటుంది. గుడ్డ నేత, తోలు, చెక్క కుళ్లిపోయే లోపు తుప్పు వాటి అచ్చును పట్టుకుంటుంది. అందుకే పిన్నీసులాంటి రోమన్ బ్రోచ్ దొరికితే, దాని స్ప్రింగ్ చుట్ల మధ్య మట్టిని పుల్లతో తీయకండి. కంచు మీద లేత ఆకుపచ్చ పొడి లేస్తుంటే అది లోహాన్ని తినేసే జబ్బు, తేమ తగలకుండా సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో పెట్టి త్వరగా చూపించండి. సీసపు వస్తువును అట్టపెట్టెలో, చెక్కపెట్టెలో ఉంచకండి, వాటి నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి దాన్ని తెల్లటి పొడి చేస్తుంది. పాలిథిన్ సంచిలో ఉంచండి, సీసం పట్టుకున్న చేతులు కడుక్కునే అన్నం తినండి.

ఎవరికి, ఎన్ని రోజుల్లో

ఇంగ్లండ్, వేల్స్‌లో 1996 నాటి ట్రెజర్ యాక్ట్ ప్రకారం కొన్ని వస్తువులు 'ట్రెజర్' కిందికి వస్తాయి. 300 ఏళ్లు దాటి, పదో వంతైనా బంగారం గానీ వెండి గానీ ఉన్న వస్తువు. అంతే పాత బంగారు, వెండి నాణేలు ఒకేచోట రెండు. రాగి, కంచు నాణేలైతే ఒకేచోట పది. ఇలాంటిది దొరికితే 14 రోజుల్లోపు కరోనర్‌కు (ఇలాంటి నిధుల విచారణ జరిపే అధికారి) తెలపాలి. చెప్పకపోతే మూడు నెలల దాకా జైలు, లేదా జరిమానా. ఫైండ్స్ లైజన్ ఆఫీసరుకు చెప్తే కాగితాల పని వాళ్లే చూసుకుంటారు. మ్యూజియం తీసుకుంటే నిపుణుల సంఘం విలువ కట్టి, మామూలుగా మీకూ యజమానికీ పంచుతుంది.

ఒంటరి కంచు వస్తువు చాలాకాలం ఈ చట్టానికి అందలేదు. 2010లో కంబ్రియాలోని క్రాస్బీ గారెట్‌లో ముఖం మొత్తం కప్పే రోమన్ అశ్వికుడి శిరస్త్రాణం దొరికింది. అంత అపురూపమైనది కూడా ట్రెజర్ లెక్కలోకి రాలేదు. వేలంలో 22 లక్షల పౌండ్లు దాటి ఒక ప్రైవేటు వ్యక్తికి వెళ్లిపోయింది. 2023 జూలై 30 నుంచి నిబంధన మార్చారు. 200 ఏళ్లు దాటి, లోహం ఉండి, చరిత్రకు అసాధారణంగా విలువైన వస్తువైతే ఇప్పుడు ట్రెజర్ కావచ్చు. అందుకే "బంగారం కాదుగా" అని ఊరుకోకండి.

ట్రెజర్ కాని మామూలు మేకునూ, అరిగిన నాణేన్నీ కూడా చూపించండి. పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ 1997 నుంచి ఇలాంటివాటిని నమోదు చేస్తోంది, పదిహేను లక్షలకు పైగా వస్తువులు అందులో ఉన్నాయి. సంచులు, నంబర్లు, గ్రిడ్ రిఫరెన్స్‌లు తీసుకెళ్లండి. కొలిచి, ఫోటో తీసి, కొన్ని వారాలకో నెలలకో తిరిగి ఇస్తారు. వచ్చిన రికార్డు నంబరును సంచి మీద రాసి పెట్టుకోండి.

చివరిగా మనవాళ్లు తరచు మరిచిపోయేది ఒకటి. ఇంగ్లండ్ నేలలో దొరికిన పురాతన వస్తువును దేశం దాటించాలంటే దాదాపు ప్రతిదానికీ ఎగుమతి లైసెన్సు కావాలి, విలువ ఎంత తక్కువైనా సరే. నానమ్మకు చూపిద్దామని హైదరాబాద్ ఫ్లైటు సూట్‌కేసులో పెట్టకండి, ఫోటో, రికార్డు పేజీ చూపించండి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేలే 1,500 దాటాయి. ఆ చక్రవర్తుల ముఖాలు ఆవిడ పుట్టిన నేలకు రెండు వేల ఏళ్ల కిందటే వచ్చి చేరాయి.